ఎత్తు చూసి వాలు మరిచి: దూరం–కాలం గ్రాఫుల బోధనపై స్మారక ఉపన్యాసం



లెక్కల మాస్టారి పేరున జరిగే ఉపన్యాసం కాబట్టి ఏ రామానుజన్ గురించో, ఏ ప్రధాన సంఖ్యల గురించో మాట్లాడతానని మీలో కొందరు అనుకొని ఉంటారు. నేను ఎంచుకున్న విషయం అంత గంభీరమైనది కాదు. ఏడో తరగతి సైన్సులో మొదటిసారి కనపడి, తొమ్మిదో తరగతి ‘చలనం’ పాఠంలో మళ్ళీ వచ్చి, ఇంటర్మీడియెట్‌లో అవకలనాల రూపంలో పిల్లల్ని హడలగొట్టే ఒక గీత గురించి మాట్లాడతాను. అడ్డంగా కాలం, నిలువుగా దూరం, మధ్యలో ఒక గీత. దాన్ని మన పిల్లలు ముచ్చటగా గీస్తారు. అదేం చెబుతోందో చదవమంటే తడబడతారు.

ఇందుకు పిల్లల్ని అనవలసిన పని లేదు. మనం గీయడం నేర్పాం, చదవడం నేర్పలేదు. ఈ మాట కటువుగా ఉందనుకుంటే పదో తరగతి లెక్కల పరీక్షను తలుచుకోండి. గ్రాఫు ప్రశ్న అంటే వెనుక బెంచీ కుర్రాడికి కూడా ధైర్యం. పట్టిక వేస్తాడు, మూలన స్కేలు రాస్తాడు, బిందువులు గుర్తిస్తాడు, స్కేలుబద్ద పెట్టి కలుపుతాడు. స్కేలు రాయకపోతే మార్కు పోతుందని ట్యూషన్లో బాగా నూరిపోసి ఉంటారు. ఇంతా చేశాక ఆ గీత ఇక్కడ ఎందుకు నిటారుగా లేచింది, అక్కడ ఎందుకు చదునుగా పడుకుంది అని అడిగేవాళ్ళుండరు. మార్కులు గీతకే ఉన్నాయి, దాని అర్థానికి లేవు. అర్థం అడగని చోట అర్థం చెప్పే ఓపిక ఏ మాస్టారికి మాత్రం ఎంతకాలం ఉంటుంది?

బోర్డు మీద ఒక గ్రాఫు వేస్తాను, ఊహించుకోండి. ఒక అమ్మాయి ఇంటి నుంచి బడికి బయలుదేరింది. మొదటి 10 నిమిషాల్లో గీత 600 మీటర్ల దాకా ఎక్కింది. తర్వాత 2 నిమిషాలు చదునుగా సాగింది. ఆ తర్వాత 6 నిమిషాల్లో దిగి సున్నా దగ్గరకు వచ్చేసింది. అక్కడి నుంచి 12 నిమిషాల్లో ఒక్క ఊపున 1200 మీటర్లకు లేచింది. ఏం జరిగిందో చెప్పండర్రా అని అడిగితే క్లాసులో తప్పకుండా వినిపించే జవాబు ఒకటుంది: గుట్ట ఎక్కింది, పైన చదునుగా ఉంది, కిందకు దిగింది, ఇంకా పెద్ద గుట్ట ఎక్కింది. నవ్వకండి. ఆ పిల్ల ఇప్పటిదాకా పుస్తకంలో చూసిన గీతలన్నీ బొమ్మలే. కొండ గీస్తే కొండ, ఇల్లు గీస్తే ఇల్లు. ఈ ఒక్క గీత మాత్రం కొండలా ఉండి కొండ కాదని ఎవరూ చెప్పలేదు.

ఇది మన దగ్గరి చోద్యమేమీ కాదు. ఇంగ్లండులో 1970ల్లో సెకండరీ పిల్లల గణిత అవగాహన మీద పెద్ద పరిశోధన జరిగింది. కె. హార్ట్ సంపాదకత్వంలో 1981లో పుస్తకంగా వచ్చింది. అందులో గ్రాఫుల అధ్యాయం రాసిన డాఫ్నే కెర్స్‌లేక్ పిల్లలకు కొన్ని ప్రయాణ గ్రాఫులిచ్చి వర్ణించమన్నారు. కొందరు కొండెక్కారన్నారు. కొందరు తూర్పుకు వెళ్ళి ఉత్తరానికి మళ్ళారన్నారు, అంటే గ్రాఫును ఊరి మ్యాపుగా చదివారు. నిట్టనిలువుగా లేచిన గీతను చూసి, కాలం కదలకుండా మనిషి ఎలా కదిలాడని అనుమానించినవాళ్ళు తక్కువ. అంతకు కాస్త ముందు, 1978లో, నాటింగ్‌హామ్ విశ్వవిద్యాలయంలో క్లోడ్ జాన్వియె తన సిద్ధాంత వ్యాసంలో ఒక రేసు కారును నడిపించాడు. మూడు కిలోమీటర్ల ట్రాక్ మీద రెండో చుట్టులో కారు వడి ఎక్కడెక్కడ ఎంతుందో గ్రాఫు ఇచ్చి, ట్రాక్‌లో ఎన్ని మలుపులున్నాయో చెప్పమన్నాడు. మలుపు దగ్గర కారు వడి తగ్గిస్తుంది కాబట్టి గీత కిందకు దిగిన చోట్లు లెక్కపెడితే చాలు, మూడు. పిల్లలు మాత్రం గీతలో వంపు తిరిగిన చోట్లన్నీ లెక్కపెట్టారు. ఇచ్చిన ట్రాకుల్లోంచి సరైనది ఎంచమంటే అచ్చం గ్రాఫులా వంకర్లు పోయినదాన్ని ఎంచారు. నాకు ఈ ప్రశ్న చాలా ఇష్టం. ఎందుకంటే జవాబు తప్పితే పిల్ల ఎక్కడ తప్పిందో కూడా అందులోనే తెలిసిపోతుంది.

మన అమ్మాయి దగ్గరకు వద్దాం. గుట్ట కథ విన్న తర్వాత వెంటనే ‘తప్పు’ అనకుండా, గీత సున్నాకు దిగినప్పుడు ఆమె ఎక్కడుంది అని అడిగితే చాలు. ఇంటి దగ్గర అంటారు. మరి బడికి బయలుదేరిన పిల్ల ఇంటి దగ్గరెందుకుంది? ఇక క్లాసు ఊరుకోదు. టిఫిన్ బాక్సు మరిచిపోయింది, హోంవర్కు మరిచిపోయింది, కుక్క తరిమింది. కుక్క తరిమిందన్న కుర్రాణ్ని పట్టుకోవాలి. అతను గీత వాలును చూశాడు. వెళ్ళేటప్పుడు నిమిషానికి 60 మీటర్లు, వచ్చేటప్పుడు నిమిషానికి 100. పరుగెత్తిందని అతనికి ఎలా తెలిసిందో అతని చేతే బోర్డు దగ్గర చెప్పించాలి. ఆ రెండు నిమిషాల చదును దగ్గర ఆగి బ్యాగులో వెతుక్కుందని మరో పిల్ల చెబుతుంది. అది గ్రాఫులో లేదు. అక్కడ ఉన్నది కదలలేదన్న సంగతి ఒక్కటే. ఏది గ్రాఫు చెప్పింది, ఏది మనం కలుపుకున్నాం అన్న తేడా అక్కడే తేల్చాలి.

ఇక్కడ మన పుస్తకాల మీద నాకొక ఫిర్యాదుంది. నిలువు అక్షం మీద ‘దూరం’ అని రాసి వదిలేస్తారు. ఏ దూరం? నడిచిన మొత్తం దూరమైతే గీత ఎన్నటికీ కిందకు దిగకూడదు. బైకు మీటరులో కిలోమీటర్లు వెనక్కి తిరగవు కదా. కిందకు దిగాలంటే అది ‘ఇంటి నుంచి దూరం’ అయ్యుండాలి. ఒకే నడకకు ఈ రెండు గ్రాఫులూ పక్కపక్కన గీయించండి. ‘ఇంటి నుంచి దూరం’ గ్రాఫులో ఆ అమ్మాయి 1200 మీటర్ల దగ్గర ఆగుతుంది, మొత్తం దూరం గ్రాఫులో 2400 దగ్గర. తొమ్మిదో తరగతిలో దూరానికీ స్థానభ్రంశానికీ, వడికీ వేగానికీ ఉన్న తేడాను నిర్వచనాలుగా బట్టీ పట్టిస్తాం. ఆ నాలుగు నిర్వచనాలూ ఈ రెండు బొమ్మల్లో ఉన్నాయి. చదును గీత రెండింట్లోనూ చదునుగానే ఎందుకుందో అడగడం మాత్రం మరవకండి.

బొమ్మగా చదవడం పిల్లలు తొందరగానే మానుకుంటారు. దానికన్నా మొండిది ఎత్తును చూసి వాలు అనుకోవడం. ఇది పెద్దలను కూడా వదలదు. అమెరికాలోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో ట్రోబ్రిడ్జ్, లిలియన్ మెక్‌డెర్మట్ 1980లో ఒక పరిశోధన ప్రచురించారు. పక్కపక్కనే రెండు పట్టాలు, వాటి మీద రెండు బంతులు. ఒకటి దాటుతుంది, మరొకటి మళ్ళీ అందుకుంటుంది. రెండింటి వడి ఎప్పుడు సమానమని అడిగితే కాలేజీ విద్యార్థుల్లో చాలామంది, పక్కపక్కకు వచ్చిన క్షణాన్ని చూపించారు. హైవే మీద లారీని బస్సు ఓవర్‌టేక్ చేసే క్షణంలో రెండూ పక్కపక్కనే ఉంటాయి. వడి సమానమైతే ఓవర్‌టేక్ ఎలా అవుతుంది? బస్సులో కూర్చున్నప్పుడు ఇది అందరికీ తెలుసు. గ్రాఫులో రెండు గీతలు ఖండించుకున్నప్పుడు ఎవరికీ గుర్తుండదు. 1987లో మెక్‌డెర్మట్ బృందం ఇదే విషయాన్ని గ్రాఫుల మీద చూపింది. పైనున్న గీతదే ఎక్కువ వడి అనుకోవడం, నిటారుగా ఉన్న గీత కిందుగా ఉంటే దాన్ని లెక్కచేయకపోవడం. 1994లో రాబర్ట్ బీక్నర్ చలన గ్రాఫుల మీద 21 ప్రశ్నల పరీక్ష తయారుచేసినప్పుడు అందులోని తప్పు జవాబులను ఊహతో రాయలేదు. పిల్లలు నిజంగా పడే తికమకల నుంచే తీసుకున్నాడు. మన బిట్ పేపర్లు తయారుచేసేవాళ్ళు నేర్చుకోవలసిన పద్ధతి అది. ఎవరూ ఎంచని తప్పు జవాబు వల్ల మనకేం తెలుస్తుంది?

ఎత్తుకూ వాలుకూ తేడా చెప్పడానికి మన నేల మీద గోదావరిని మించిన ఉదాహరణ నాకు కనపడలేదు. భద్రాచలం దగ్గర నీటిమట్టం 43 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. 1986 వరదలో 75.6 అడుగులకు, 2022 జూలైలో 71.3 అడుగులకు చేరింది. టీవీ వాళ్ళు అడుగులు చెబుతారు. ఒడ్డున కాపురం ఉన్నవాళ్ళు అక్కడితో ఆగరు, గంటకు ఎంత పెరుగుతోందని అడుగుతారు. సామాను ఎత్తాలా, మనుషులే కదలాలా అన్నది ఆ రెండో అంకె మీద ఆధారపడుతుంది. బోర్డు మీద ఊహించిన అంకెలు కొన్ని రాద్దాం. ఉదయం 6కి 41 అడుగులు, 8కి 42.2, 10కి 43, మధ్యాహ్నం 12కి 43.4, 2కి 43.6. నది ఎప్పుడు ఎక్కువ ఎత్తున ఉంది? 2 గంటలకు. ఎప్పుడు ఎక్కువ వేగంగా పెరిగింది? ఇక్కడ కూడా సగం క్లాసు 2 గంటలకే అంటుంది. తీసివేతలు చేయించండి. గంటకు 0.6 అడుగులు, తర్వాత 0.4, తర్వాత 0.2, చివరకు 0.1. మొదటి హెచ్చరిక ఇంకా జారీ కాని పొద్దున్న పూటే నది ఉరకలేసింది. హెచ్చరిక వచ్చిన తర్వాత నెమ్మదించింది.

అప్పుడు మూడో ప్రశ్న వేయాలి. మధ్యాహ్నం 12కి ‘వరద తగ్గుముఖం పట్టింది’ అని స్క్రోలింగ్ వస్తే అది నిజమా? నిజం కాదు. తగ్గుముఖం పట్టింది పెరుగుదల. మట్టం ఇంకా పెరుగుతూనే ఉంది. ద్రవ్యోల్బణం తగ్గిందని మంత్రిగారు ప్రకటించిన రోజున కూరగాయల బండి దగ్గర మనం చిరాకుపడేదీ ఇందుకే. ధరలు పెరిగే వడి తగ్గింది, ధరలు తగ్గలేదు. దూరం–కాలం గ్రాఫును సరిగ్గా చదివిన పిల్లకు ఈ రెండు వార్తలూ ఒకే గీతగా కనపడతాయి: పైకి పోతూ, పోయేకొద్దీ వాలు తగ్గుతూ.

ఇంకొక అడుగు ముందుకు. నీటిపారుదల శాఖ వాళ్ళు వాడే క్యూసెక్కు అనే అంకె తానే ఒక రేటు. సెకనుకు ఒక ఘనపు అడుగు. టీఎంసీ పరిమాణం, వంద కోట్ల ఘనపు అడుగులు. రోజుకు 86,400 సెకన్లు కాబట్టి 11,574 క్యూసెక్కులు రోజంతా పారితే ఒక టీఎంసీ. 2024 సెప్టెంబరు మొదట్లో విజయవాడ ప్రకాశం బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కులు నమోదైంది, అది రికార్డు. అదే ప్రవాహం ఒక రోజంతా ఉంటే దాదాపు 99 టీఎంసీలు. బ్యారేజీలో నిలవుండేదే మూడు టీఎంసీలకు కాస్త పైన. అంటే ఆ వరద ముక్కాలు గంటలో బ్యారేజీని నింపేస్తుంది. అన్ని గేట్లూ ఎందుకు ఎత్తారో ఇక వేరే చెప్పక్కర్లేదు. రేటును కాలంతో గుణిస్తే పరిమాణం, గ్రాఫు మీద చూస్తే గీత కింది వైశాల్యం. వడి–కాలం గ్రాఫు కింది వైశాల్యమే దూరమని సూత్రం బట్టీ పట్టిన పిల్లవాడు టీఎంసీల లెక్క చూసి ఇదీ అదేనని గుర్తుపడితే, సమాకలనం సగం వచ్చినట్టే.

రిజర్వాయరు ప్రశ్న మరీ కఠినం. ఇన్‌ఫ్లో 2 లక్షల క్యూసెక్కులు, ఔట్‌ఫ్లో లక్ష. ఇన్‌ఫ్లో లక్షన్నరకు పడిపోయింది. నీటిమట్టం పెరుగుతుందా, తగ్గుతుందా? ఇంకా పెరుగుతుంది, వచ్చేది పోయేదానికన్నా ఎక్కువ ఉన్నంతసేపూ పెరుగుతూనే ఉంటుంది. కాబట్టి వరద పోటెత్తిన గంటకూ, జలాశయం నిండుకుండలా ఉన్న గంటకూ మధ్య ఎడముంటుంది. 2000లో లిండా బూత్ స్వీనీ, జాన్ స్టెర్మన్ ఎంఐటీలో మేనేజ్‌మెంట్ చదివే విద్యార్థులకు ఇలాంటి తొట్టి లెక్కలే ఇచ్చారు. గణితం బాగా చదివి వచ్చిన వాళ్ళు కూడా లోపలికి వచ్చే ధార ఎలా ఉంటే మట్టం కూడా అలాగే ఉంటుందని గీశారు. మన ఎనిమిదో తరగతి పిల్లలు పొరబడితే సిగ్గుపడాల్సిందేమీ లేదన్నమాట.

గ్రాఫును రోజూ చదివి బతికే మనుషులు మన మధ్యే ఉన్నారు. రైల్వే కంట్రోల్ ఆఫీసులో సెక్షన్ కంట్రోలర్ ముందు ఉండే చార్టు దూరం–కాలం గ్రాఫే. అడ్డంగా గంటలు, నిలువుగా స్టేషన్లు, ఒక్కో రైలుకు ఒక్కో ఏటవాలు గీత. ఒకప్పుడు పెన్సిళ్ళతో గీసేవారు, ఇప్పుడు కంప్యూటరు గీస్తోంది. ఈ తరహా చార్టు పందొమ్మిదో శతాబ్దంలో ఫ్రాన్సులో పుట్టింది. పారిస్–లియాన్ రైళ్ళకు ఇబ్రి అనే ఇంజినీరు వేసినదని చెప్పే గ్రాఫును ఎతియెన్ జూల్ మారే 1878 నాటి తన పుస్తకంలో అచ్చువేశాడు. ఎక్స్‌ప్రెస్ గీత నిటారుగా, గూడ్సు గీత వాలిపోయి, ఆగిన చోట చిన్న చదును మెట్టు. ఎదురు రైళ్ళు వ్యతిరేక దిశలో వాలుతాయి.

దీన్ని క్లాసులోకి తెద్దాం. సింగిల్ లైను మీద నాలుగు స్టేషన్లు, మొదటిదాని నుంచి 0, 12, 20, 34 కిలోమీటర్ల దగ్గర. సున్నా దగ్గర నుంచి పాసింజరు 6 గంటలకు గంటకు 40 కిలోమీటర్ల వడితో బయలుదేరింది. 34 దగ్గర నుంచి ఎక్స్‌ప్రెస్ 6.10కి గంటకు 60తో ఎదురు వస్తోంది. రెండు గీతలూ గీయండి. సుమారు 17.6 కిలోమీటర్ల దగ్గర, 6.26 ప్రాంతంలో ఖండించుకుంటాయి. అక్కడ స్టేషను లేదు! లెక్కల నోటుబుక్కులో ఖండన బిందువు అంటే జవాబు. ఇక్కడ ప్రమాదం. సింగిల్ లైను మీద రెండు గీతలు స్టేషను గీత మీదే కలవాలి, ఎవరో ఒకరు ఆగాలి. మనం రైల్లో కూర్చుని ‘క్రాసింగ్ పడింది’ అని విసుక్కునేది ఆ చదును మెట్టు మీద కూర్చునే.

ఎవర్ని ఆపాలి? పాసింజరు 12 కిలోమీటర్ల స్టేషనుకు 6.18కి చేరుతుంది. ఎక్స్‌ప్రెస్ అక్కడికి వచ్చేసరికి 6.32. పద్నాలుగు నిమిషాల నిరీక్షణ. అలా కాకుండా 20 కిలోమీటర్ల స్టేషనులో ఎక్స్‌ప్రెస్‌ను ఆపితే అది 6.24కి చేరి, 6.30కి పాసింజరు వచ్చేదాకా ఆరు నిమిషాలే ఆగుతుంది. లెక్క ప్రకారం ఎక్స్‌ప్రెస్‌ను ఆపడమే మేలు. పాసింజరు బండెక్కి తిరిగినవాళ్ళకు మాత్రం ఎవర్ని ఆపుతారో లెక్క వేయకుండానే తెలుసు. పిల్లలు ఈ విషయం మీద పోట్లాడుకుంటారు, పోట్లాడుకోనివ్వండి. నిమిషాలా, మనుషులా, టిక్కెట్టు ధరా, వెనక వచ్చే మూడో రైలా? ఆ వాదన సాగినంతసేపూ వాళ్ళు వాలులను, చదునులను, ఖండనాలను చదువుతూనే ఉంటారు. ఎవరూ చదవమని చెప్పకుండానే.

చరిత్ర ముచ్చట ఒకటి. నిరూపక జ్యామితి పేరెత్తగానే 1637 నాటి డెకార్ట్ గుర్తుకొస్తాడు. అంతకు దాదాపు మూడు వందల ఏళ్ళ ముందే, పద్నాలుగో శతాబ్దంలో, ఫ్రాన్సులో నికోల్ ఓరెమ్ కాలాన్ని అడ్డగీతగా పెట్టి, ఒక్కో క్షణపు వడిని దాని మీద నిలువు గీతగా నిలబెట్టాడు. వడి సమంగా పెరిగితే ఆ నిలువు గీతలన్నీ కలిసి త్రిభుజమవుతాయి. అదే కాలం సగటు వడితో వెళ్ళినవాడికి దీర్ఘచతురస్రం వస్తుంది. రెండింటి వైశాల్యమూ ఒకటే. ఆక్స్‌ఫర్డ్ మెర్టన్ కాలేజీ పండితులు మాటల్లో చెప్పిన నియమాన్ని అతను బొమ్మలో చూపాడు. 1638లో గెలీలియో పడే వస్తువుల పుస్తకంలోనూ ఇలాంటి బొమ్మే ఉంది. నేను దీని గురించి చెప్పడానికి కారణం, ఓరెమ్ దగ్గర సమీకరణాలు లేవు, గ్రాఫు కాగితమూ లేదు. మారుతున్న దాన్ని చూపాలన్న కోరిక ఉంది. పిల్లలకు ముందు ఆ కోరిక పుట్టించాలి, అక్షాలు తర్వాత.

అది సాధ్యమేనని ఆండ్రియా డిసెస్సా బృందం 1991లో చూపించింది. కాలిఫోర్నియాలో ఆరో తరగతి పిల్లలకు ఒక కథ ఇచ్చారు. ఎడారిలో కారు వేగంగా పోతోంది, నడిపేవాడికి దాహం, కాక్టస్ మొక్క కనపడగానే ఆపి దాని నీళ్ళు తాగి, మళ్ళీ మెల్లగా బయలుదేరాడు. దీన్ని కాగితం మీద చూపండన్నారు. గ్రాఫు అన్న మాట ఎత్తలేదు. పిల్లలు చుక్కలు పెట్టారు, పొడుగూ పొట్టీ గీతలు వేశారు, ఒకరిదాన్ని ఒకరు విమర్శించుకున్నారు, ఆగినట్టు ఎలా చూపాలో తేలక తన్నుకులాడారు. చివరకు గ్రాఫుకు చాలా దగ్గరగా వచ్చారు. మన దగ్గర ఎడారి అక్కర్లేదు, ఆర్టీసీ బస్సు సరిపోతుంది.

నాటింగ్‌హామ్ షెల్ సెంటర్‌లో మాల్కమ్ స్వాన్ 1985లో తెచ్చిన ‘ద లాంగ్వేజ్ ఆఫ్ ఫంక్షన్స్ అండ్ గ్రాఫ్స్’ అనే బోధనా సామగ్రి గురించి ప్రత్యేకంగా చెప్పాలి. అందులో ఒక వడి–కాలం గీత ఇచ్చి, ఇది ఏ ఆటది అని అడుగుతారు. చేపలు పట్టడం, వంద మీటర్ల పరుగు, స్కై డైవింగ్, గోల్ఫ్, పోల్ వాల్ట్ లాంటి జాబితా ఇస్తారు. గోల్ఫ్ అంటే మనిషి వడా, బంతి వడా అని మొదలవుతుంది చర్చ. స్వాన్ పద్ధతి కీలకమంతా మాస్టారు తొందరపడకపోవడంలో ఉంది. జట్లకు కథలు, పట్టికలు, గ్రాఫులు రాసిన కార్డులు ఇచ్చి, జత చేయమని, ఎందుకో ఒప్పించమని అంటారు. ముందు కథను గ్రాఫుతో జత చేస్తారు, ఆ తర్వాతే పట్టికలు ఇస్తారు. అప్పుడు తమ తప్పు తమకే పట్టుబడుతుంది. 2017లో ఆయన కన్నుమూశారు. ఆ కార్డులను జిరాక్సు కాగితం మీద ఎవరైనా తయారు చేసుకోవచ్చు, పేర్లు మార్చి గోల్ఫ్‌కు బదులు కబడ్డీ రైడరును పెట్టొచ్చు. ఎదుటి కోర్టులోకి వెళ్ళి, తారాడి, తాకి, గీత దాకా వెనక్కి దూకే రైడరు గ్రాఫు మహా గమ్మత్తుగా ఉంటుంది.

ఇక సెన్సార్ల సంగతి. ఎదురుగా నడుస్తుంటే ఆ క్షణానే తెర మీద గ్రాఫు వచ్చే అల్ట్రాసోనిక్ పరికరాలు 1980ల నుంచి ఉన్నాయి. 1987లో హెదర్ బ్రాసెల్ పరిశోధనలో తేలింది ఏమిటంటే, గ్రాఫు నడకతో పాటే వస్తే పిల్లలకు బాగా పట్టుబడింది. ఇరవై సెకన్లు ఆలస్యంగా వస్తే ఆ మేలు చాలావరకు పోయింది. ఒంటి కదలికకూ గీత కదలికకూ మధ్య ఖాళీ ఉండకూడదన్నమాట. ఈ ముక్క తెలిశాక నేను ఖరీదైన పరికరాల గురించి బెంగపడడం మానేశాను. వరండాలో మీటరు మీటరుకూ సుద్దగీతలు పెట్టండి. ఒక పిల్ల నడుస్తుంది, ఒకరు రెండు సెకన్లకోసారి చప్పట్లు కొడతారు, చప్పట్లు పడ్డ చోటల్లా ఇంకొకరు నేల మీద గుర్తు పెడతారు, నాలుగో పిల్ల అదే చప్పట్లకు బోర్డు మీద బిందువు పెడుతుంది. గుర్తుల మధ్య ఎడం పెరిగితే బోర్డు మీద గీత నిటారవుతుంది, దగ్గరైతే వాలుతుంది. బోర్డు మీద ముందే గీసిపెట్టిన గ్రాఫును నడిచి చూపమంటే ఇంకా మంచిది. నిట్టనిలువు గీతను నడవమని ఒకసారి అడగండి, ఎవరూ నడవలేకపోవడంలోనే పాఠముంది. ఫోన్లలో ఇప్పుడు వస్తున్న యానిమేషన్ల మీద నాకు పెద్ద నమ్మకం లేదు. ముందు ఊహించి గీసి ఆ తర్వాత చూస్తే మేలు. ఊరికే చూస్తే సినిమా చూసినట్టే.

వంపు గీతల దాకా వస్తే వ్యవధిని కుదించే లెక్క చేయించాలి. గాలి అడ్డు లేకుండా జారవిడిచిన రాయి t సెకన్లలో 4.9t² మీటర్లు పడుతుంది. ఒకటో సెకను నుంచి రెండో సెకను దాకా సగటు వడి సెకనుకు 14.7 మీటర్లు. ఒకటి నుంచి 1.1 దాకా 10.29. ఒకటి నుంచి 1.01 దాకా 9.849. అంకెలు 9.8 వైపు జారుతున్నాయని పిల్లలే అంటారు. అదే లెక్కను గ్రాఫు మీద గీతలుగా వేస్తే, రెండు బిందువులను కలిపే గీత మెల్లగా స్పర్శరేఖ మీదకు ఒరుగుతుంది. ఇంటర్‌లో అవధి నిర్వచనం రాసేముందు ఇది ఒక్క పీరియడు చేయిస్తే చాలు. చేయించరు, ఎందుకంటే ఆ పీరియడులో ఎంట్రన్సు పరీక్ష బిట్లు నలభై చేయించవచ్చు.

కాబట్టి చివరికి ప్రశ్నపత్రం దగ్గరకే రావాలి. ఎస్‌సీఈఆర్‌టీ వాళ్ళకూ, జిల్లా స్థాయిలో పేపర్లు కూర్చే మిత్రులకూ నా విన్నపం ఒకటి. గీయమనే ప్రశ్నలు ఎలాగూ ఉంటాయి. గీసి ఇచ్చి చదవమనే ప్రశ్న ఏడాదికి ఒక్కటి పెట్టండి. ఇద్దరు సైకిలు తొక్కేవాళ్ళ దూరం–కాలం గీతలు ఒకే గ్రాఫు మీద ఇవ్వండి, ఒకటి సరళరేఖ, ఒకటి వంపు, రెండు చోట్ల ఖండించుకునేలా. మూడు విషయాలు అడగండి: ఎవరు ఎవర్ని ఎప్పుడు దాటారు, ఇద్దరి వడి ఏ క్షణంలో సమానం, వంపు గీత సైకిలు ఆ మధ్యలో వడి పెంచుతోందా తగ్గిస్తోందా. రెండోదానికి జవాబు ఖండన బిందువుల మధ్య, వాలులు సమానంగా ఉన్న చోట ఉంటుంది. పిల్లవాడు సొంత మాటల్లో రెండు వాక్యాలు రాస్తే వాటికీ మార్కులుండాలి. ‘స్పర్శరేఖ’ అనే మాట లేకపోయినా, ‘అక్కడ రెండు గీతలూ ఒకేలా వాలాయి’ అని రాస్తే పూర్తి మార్కులు వేయాలని మూల్యాంకన సూచనల్లో స్పష్టంగా చెప్పాలి. లేకపోతే వచ్చే ఏడు ఆ జవాబు కూడా గైడ్లలో అచ్చై, బట్టీలో చేరిపోతుంది.